విభావం లేని నవ్వు

వైద్యవార్తలు వ్రాసే మన పత్రికలవారికి 'నిరపాయకరమైన కణితి' అనే సమాసమంటే మహా ఇష్టం. ఆంగ్లంలో 'బినైన్' అని కనబడగానే కలం ఆ మాట దగ్గరికి దానంతటదే పోతుంది. అపాయం లేనిది, అపాయం చేయనిది అని అర్థం. చదివిన తండ్రి గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చునన్నమాట. కాని వైద్యుడు ఆ మాటతో చెప్పేది ఇంత మాత్రమే: అది క్యాన్సరు కాదు, పక్క కండరంలోకి చొరబడదు, ఒంట్లో మరో చోట మొలకెత్తదు. అపాయం సంగతి అతడు చెప్పనే లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. వైద్యంలో నాకు ప్రవేశం లేదు, చదువుకున్నదీ పెద్దలను అడిగి తెలుసుకున్నదీ తప్ప. అయితే ఒక తప్పుడు సమాసం వల్ల ఒక పిల్లవాడికి ఆరేడేళ్ళ ఆలస్యం జరగవచ్చునని చెప్పడానికి పండితుడికి కూడా కొంత అధికారం ఉందనుకుంటాను.

నేను చెప్పబోయే కణితి పిల్లల మెదడు అడుగున, హైపోథలామస్ అనే చోట పుట్టుకతో ఏర్పడేది. ఆ భాగానికి మన పాఠ్యపుస్తకాలవారు 'అధోపర్యంకం' అని పేరు పెట్టారు. గ్రీకులో 'థలామస్' అంటే అంతఃపురపు పడకగది. దాన్ని పర్యంకం చేసి, కింద ఉన్నది కనుక అధస్సు చేర్చారు. పరిభాషా నిర్మాతల మీద మనం ఎన్ని విసుర్లు విసిరినా ఇది మాత్రం అచ్చంగా అతికిన మాట. బాదంగింజంత కూడా లేని ఆ చోటనే ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, కోపం, యౌవనం ఎప్పుడు మొదలు కావాలన్న లెక్క, అన్నీ నడుస్తాయి. అక్కడ, తల్లి గర్భంలో శిశువు రూపు దిద్దుకునే వేళ, మామూలు మెదడు కణాలే తప్పు అమరికలో ముద్దకడతాయి. పరాయి కణాలు కావు, పిచ్చిగా పెరిగేవీ కావు. శనగగింజంత మొదలు రేగిపండంత వరకు, అరుదుగా ఇంకా పెద్దగా ఉండి, మెదడు ఎంత పెరిగితే అదీ అంతే పెరిగి ఊరుకుంటుంది.

దీని పేరు హమార్టోమా. 1904లో ఆల్‌బ్రెహ్ట్ అనే జర్మను వైద్యుడు ఈ మాటను కల్పించాడు. దీనికి మూలమైన గ్రీకు పదం 'హమార్టియా' సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. అరిస్టాటిల్ విషాదాంత నాటకాన్ని వివరిస్తూ, నాయకుడు దుర్మార్గుడు కాకున్నా ఏదో ఒక పొరపాటు వల్ల పతనమవుతాడని చెప్పడానికి వాడిన మాట అది. బాణం గురి తప్పడమని ధాత్వర్థం. కణాలు మంచివే, గురి తప్పాయి. నిరపాయకరం అన్న మాటకన్నా ఈ పాత గ్రీకు మాటలో ఎంత నిజముందో చూడండి. మనం కూడా 'క్యాన్సరు కాని కణితి' అని వ్రాసుకుంటే సరిపోతుంది. అందంగా ఉండకపోవచ్చు, అబద్ధం మాత్రం ఉండదు.

ఈ కణితి చేసే అపాయం రెండు దారుల్లో వస్తుంది. హైపోథలామస్ అడుగున తొడిమతో వేలాడుతున్నదైతే ఎక్కువగా అకాల యౌవనం తెస్తుంది. లోపలి గోడకు అంటుకొని కూర్చున్నదైతే మూర్ఛలు తెస్తుంది. కొందరిలో రెండూ ఉంటాయి. మూర్ఛ అనగానే మన కళ్ళముందు నిలిచేది నోట నురగ, కొట్టుకునే కాళ్ళూ చేతులూ, చేతిలో పెట్టే తాళాలగుత్తి. ఈ మూర్ఛ మొదట అలా రాదు. నవ్వుగా వస్తుంది.

నిజంగానే నవ్వు. పసివాడు ఉన్నట్టుండి నవ్వుతాడు. పది క్షణాలు, ఇరవై క్షణాలు. రోజుకు నాలుగు సార్లు, పది సార్లు, కొందరిలో ఇంకా ఎక్కువ. ఎదుట నవ్వవలసినది ఏమీ ఉండదు. కొందరిలో నవ్వుకు బదులు ఏడుపులాంటిది వస్తుంది. 1957లో డేలీ, మల్డర్ అనే ఇద్దరు అమెరికను వైద్యులు దీనికి 'జెలాస్టిక్' మూర్ఛ అని పేరు పెట్టారు; 'జెలోస్' అంటే గ్రీకులో నవ్వే.

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వులను స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు విధాలుగా విభజించాడు. ఉత్తములు ఎలా నవ్వుతారు, అధములు ఎలా నవ్వుతారు, పళ్ళు ఎంత కనబడతాయి, కళ్ళలో నీళ్ళు ఎప్పుడు వస్తాయి, ఇవన్నీ లెక్కవేశాడు. అయితే ఆరింటికీ ఒక విభావం ఉండి తీరాలి. వికృతవేషమో, వెర్రిమాటో, ఏదో ఒక కారణం లేనిదే హాసమనే స్థాయిభావం మేల్కొనదు. ఈ పిల్లల నవ్వు ఆ ఆరింటిలో దేనికీ చెందదు. దానికి విభావం లేదు, స్థాయి లేదు. నవ్వుతున్నవాడికి సంతోషం ఉండదు. మాటలు వచ్చిన పిల్లలు కొందరు 'నాకు నవ్వు రావడం లేదు, నోరు నవ్వుతోంది' అనే ధోరణిలో చెబుతారట. అలంకారశాస్త్రం చదువుకున్నవాడు ఈ నవ్వును ఒక్కసారి చూస్తే చాలు, ఇది రసం కాదని పోల్చుకోగలడు. రసాభాసం కూడా కాదు.

నేను అలాంటి నవ్వును చూశాను. 1998 ప్రాంతంలో, గోదావరికి ఎగువన, దుమ్ముగూడెం దాటి చర్ల వైపు పోయే అడవి అంచున ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తుండగా. మూడో తరగతి కోయ పిల్లవాడు. పద్యం చెబుతూ చెబుతూ ఆగి, తల కొంచెం పక్కకు వంచి నవ్వేవాడు. గొంతులోంచి వచ్చే పొడి నవ్వు. పెదవులు నవ్వేవి, కళ్ళు ఎక్కడో ఉండేవి. మళ్ళీ పద్యం అందుకునేవాడు, ఒక్కోసారి ఒక పాదం వదిలేసి. నా సహోద్యోగి ఒకాయన, లెక్కలు చెప్పేవాడు, దాన్ని వెక్కిరింతగా తీసుకుని బెత్తం విరిగేలా కొట్టాడు. వాడు దెబ్బలు తింటూ కూడా నవ్వాడు. తరువాత వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ నవ్వూ ఆ ఏడుపూ ఒక మనిషివి కావనిపించింది నాకు. ఆదివారం చూడడానికి వచ్చిన తండ్రిని అడిగాను. ఆయన చెప్పినది నాకిప్పటికీ మరపురాదు. "సారూ, ఊయల్లో ఉన్నప్పటి నుంచి గట్లనే నవ్వేటోడు. మాకు సంబురంగుండేది. నవ్వుల పిలగాడని పేరు పెట్టిన్రు ఊళ్ళో."

చూశారా, ఏ తల్లిదండ్రులకైనా ఊయలలో నవ్వే బిడ్డను వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలని ఎందుకు తోస్తుంది? నవ్వితే మురుస్తారు గాని. ఈ జబ్బు అక్కడే మనుషులను మోసం చేస్తుంది. వాడికి ఎనిమిదో ఏట పడిపోయే మూర్ఛలు మొదలైనాయి. అప్పుడు గాని అది జబ్బని ఎవరికీ అనిపించలేదు. మొదట వడ్డె దగ్గర కోడిని కోశారు. తరువాత ఒక వైద్యుడు, ఆ తరువాత మరొకరు, మాత్రలు మార్చి మార్చి ఇచ్చారు. మూడో తరగతిలో నలభై శతక పద్యాలు తడుముకోకుండా చెప్పినవాడు ఆరో తరగతికి వచ్చేసరికి పది చెప్పలేకపోయాడు. పక్కవాడి పలక పగలగొట్టేంత కోపం వచ్చేది. పదమూడేళ్ళ వయసులో నగరంలో ఒక పెద్దాసుపత్రిలో ఎమ్మారై తీస్తే కణితి కనబడింది. క్యాన్సరు కాదు, భయపడవద్దని చెప్పి పంపించారట. తండ్రి ఆ ఒక్క మాటను పట్టుకుని సంతోషంగా వెనక్కి వచ్చాడు. తరువాత వాడు బడికి రాలేదు. 'భయపడవద్దు' అన్న ఆ మాట ఆ ఇంట్లో చేసిన పని అది.

ఈ జబ్బు నడక చాలామంది పిల్లల్లో ఇదేనని తరువాత చదివి తెలుసుకున్నాను. శైశవంలో నవ్వు, నాలుగేళ్ళు మొదలు పదేళ్ళలోపు ఇతర మూర్ఛలు, ఆ వెంట చదువు వెనకబడటం, పట్టరాని కోపం. ఆస్ట్రేలియాకు చెందిన బెర్కోవిచ్ బృందం 1988లో ఈ వరుస మొత్తాన్ని ఒక్కచోట కూర్చి చెప్పింది. అయినా ఒక సందేహం మిగిలిపోయింది. మూర్ఛ మెదడు పైపొరలో కదా పుడుతుంది, అడుగున ఉన్న ఈ ముద్ద దాన్ని ఎలా పుట్టిస్తుంది అని. అందువల్ల అప్పట్లో కొందరికి కణతల దగ్గరి మెదడును కోశారు. ఫలితం లేకపోయింది. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. 1995లో మునారీ బృందం సన్నని తీగలను ఆ కణితిలోకే దించి చూస్తే, నవ్వు వచ్చే క్షణాన విద్యుత్తు అలజడి అందులోనే మొదలవుతున్నట్టు తేలింది. తల మీద అంటించి తీసే ఈఈజీలో అది కనబడకపోవచ్చు. అంత లోతు మరి. 'ఈఈజీ బాగానే ఉంది, పిల్లవాడు కావాలని చేస్తున్నాడు' అన్న మాట పుట్టేది ఇక్కడే.

మూలం తెలిసిన తరువాత దారులు తెరుచుకున్నాయి. మెల్‌బోర్న్‌లో రోసెన్‌ఫెల్డ్ అనే శస్త్రవైద్యుడు మెదడు రెండు అర్ధభాగాల నడుమ నుంచి, పై నుంచి కిందికి దిగి కణితిని తీసే పద్ధతిని నెలకొల్పాడు. ఆ బృందం 2003లో ప్రకటించిన 29 మందిలో సగం మందికి కాస్త పైగా మూర్ఛలు పూర్తిగా ఆగిపోయాయి. మరో పావువంతు మందికి నూటికి తొంభై పాళ్ళు తగ్గాయి. అలాంటి చోట కత్తి పెట్టడం ఎంత కష్టమో తెలిసినవారికి అది చిన్న ఫలితం కాదు. ఫ్రాన్సులో మార్సేయి నగరంలో రేజిస్ అనే ఆయన కోత లేకుండా గామా కిరణాలను గురిపెట్టి చూశాడు. అందులో ఆపద తక్కువ, కాని ఫలితం నెలలు గడిచాక, ఒక్కోసారి ఏళ్ళు గడిచాక కనబడుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది జపానువారి పని. నీగాటా నగరంలో కమెయామా అనే వైద్యుడు పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సూదిలాంటి కడ్డీని లెక్కకట్టిన దారిలో కణితి దాకా దించి, రేడియో తరంగాల వేడితో దాన్ని చుట్టూ ఉన్న మెదడు నుంచి తెగగొట్టాడు. అంతటినీ తీయవలసిన పని లేదు. పొలంలో కలుపుమొక్కను పెకలించకుండా దాని వేరు తెంచినట్టు, సంబంధం తెగితే చాలు. ఆయన 2016లో నూరుమంది రోగుల లెక్క చెప్పాడు. వారిలో డెబ్భై మందికి పైగా అన్ని మూర్ఛల నుంచీ బయటపడ్డారు. అమెరికాలో హ్యూస్టన్‌లో కర్రీ అనే వైద్యుడు ఇదే పనిని లేజరుతో, ఎమ్మారైలో వేడిని కళ్ళారా చూసుకుంటూ చేశాడు. 2018లో ఆయన చెప్పిన 71 మందిలో ఏడాది తరువాత నవ్వు మూర్ఛ లేనివారు నూటికి 93 మంది. అయితే సుమారు నలుగురిలో ఒకరికి రెండోసారి చేయవలసి వచ్చింది. ఈ మాట కూడా చెప్పాలి. ఒక్క సూదితో అద్భుతమని వ్రాసే పత్రికలవారు ఈ వాక్యాన్ని వదిలేస్తారు.

ఇవన్నీ సముద్రాల ఆవలి కథలు కావు. వెల్లూరులో జేకబ్ చాండీ 1949లోనే మనదేశంలో తొలి నాడీశస్త్రవైద్య విభాగాన్ని ప్రారంభించారు. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో 1995 నుంచి మూర్ఛ శస్త్రచికిత్సల కార్యక్రమం క్రమబద్ధంగా సాగుతున్నది. ముంబయిలో జస్లోక్ ఆసుపత్రిలో పరేష్ దోషి, ఢిల్లీ ఎయిమ్స్‌లో శరత్ చంద్ర బృందం సరిగ్గా ఈ కణితికే రేడియో తరంగాల పద్ధతిని వాడారు; ఎయిమ్స్‌వారు సూది దారిని రోబో సాయంతో నిర్ణయించుకున్న వివరాన్ని 2018లో ప్రచురించారు. మన సికిందరాబాదులో కిమ్స్ ఆసుపత్రిలో మానస్ పాణిగ్రాహి, సీతా జయలక్ష్మి గార్లు మూర్ఛ శస్త్రచికిత్సకు ఏళ్ళ తరబడి పేరుపడ్డవారు. అంటే విద్య మన దగ్గర ఉంది. భద్రాచలం నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల చిల్లర. విద్యకూ పిల్లవాడికీ మధ్య ఉన్న దూరం మాత్రం ఆ కిలోమీటర్లలో లెక్కకు రాదు.

ఇక భయం సంగతి. మెదడు మీద కత్తి అనగానే మా ప్రాంతంలో చదువుకున్నవారు కూడా 'ఉన్న మతి కూడా పోతుంది' అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. అది ఉత్త మూఢనమ్మకం కాదు. ఆ కణితి పక్కనే జ్ఞాపకానికి సంబంధించిన నరాల కట్టలు, స్తనాకారంలో ఉన్న రెండు చిన్న బుడిపెలు ఉన్నాయి. వాటికి దెబ్బ తగిలితే కొత్త విషయం మనసులో నిలవదు. ఇంకా ఒంట్లో నీటి, ఉప్పు లెక్క తప్పి అతిమూత్రం రావచ్చు. ఆకలికి అదుపు లేక ఒళ్ళు వచ్చేయవచ్చు. కనుగుడ్డును తిప్పే నరం దెబ్బతినవచ్చు. పాత పద్ధతుల్లో ఇవి ఎక్కువ, సూది పద్ధతుల్లో తక్కువ. లేకుండా మాత్రం పోలేదు.

మూర్ఛకు మన వైద్యశాస్త్రం పెట్టిన పేరు అపస్మారం. స్మృతి తొలగిపోవడమని వ్యుత్పత్తి. చరకసంహితలో నిదానస్థానంలోనూ చికిత్సాస్థానంలోనూ దీనికి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. స్మృతిని హరించే జబ్బుకు చేసే చికిత్స, గురి తప్పితే, తానే స్మృతిని హరిస్తుంది! శస్త్రవైద్యుడు నడిచే అంచు అంత సన్ననిది. కనుక తల్లిదండ్రులు 'జ్ఞాపకం పోతుందా?' అని అడిగితే వైద్యుడు విసుక్కోకూడదు. ఇంత మందిలో ఇంత మందికి పోయింది, మా చేతుల్లో ఇంత, అని చెప్పాలి. అయితే ఆ తల్లిదండ్రులు రెండో ప్రశ్న కూడా అడగాలి. చేయించకపోతే ఏమి పోతుంది? నేను చూసిన పిల్లవాడికి ఏ కత్తీ తగలలేదు. ముప్ఫై పద్యాలు పోయాయి, మూడేళ్ళలో.

అందుకే నా అభిప్రాయం ఇది. గోడకు అంటుకున్న కణితి ఉండి, మూర్ఛలు వస్తూ, చదువు జారిపోతున్న బిడ్డ విషయంలో శస్త్రచికిత్సను 'ఇక ఏ దారీ లేనప్పుడు' అనే మూలకు నెట్టకూడదు. రెండు సరైన మందులు సరైన మోతాదులో వాడినా మూర్ఛ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా ఎంచాలని అంతర్జాతీయ సంఘం 2010లోనే నిర్ణయించింది. ఈ నవ్వు మూర్ఛ మొదటినుంచీ మందులకు లొంగదని పేరుపడ్డది. మూడో మాత్ర, నాలుగో మాత్ర చేర్చుకుంటూ పోతే తరగతిలో నిద్రపోతాడు, నవ్వు మాత్రం ఆగదు. అయిదేళ్ళ వయసులో తెగిన సంబంధానికీ పదిహేనేళ్ళ వయసులో తెగిన దానికీ నడుమ ఒక బాల్యమంతా ఉంది.

అకాల యౌవనం విషయంలో నా మాట దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ తొందరపడి కత్తి పట్టనవసరం లేదు. ఆడపిల్లకు ఎనిమిదేళ్ళలోపు, మగపిల్లవాడికి తొమ్మిదేళ్ళలోపు యౌవన లక్షణాలు కనబడితే అది అకాలం. మూడు నాలుగేళ్ళకే కనబడితే ఈ కణితిని తప్పక అనుమానించాలి. దీనికి ల్యూప్రోలైడ్ వంటి సూదిమందు ఉంది. నెలకో మూడు నెలలకో ఒకసారి వేస్తూ యౌవనాన్ని ఆపి, తగిన వయసు రాగానే మానేస్తే ప్రకృతి తన పని తాను చేసుకుంటుంది. వేయించకపోతే ఎముకలు తొందరగా ముదిరి, మొదట అందరికన్నా పొడవుగా కనబడిన పిల్ల చివరికి పొట్టిగా మిగిలిపోతుంది. మూర్ఛలు లేకపోతే సాధారణంగా శస్త్రచికిత్స మాట ఎత్తరు.

కాని మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? ఆరేళ్ళ పిల్ల రజస్వల అయితే ఒక ఇంట్లో దాచిపెడతారు, మరో ఇంట్లో ఫ్లెక్సీ కట్టి సమర్త చేస్తారు. ఖమ్మం వీధుల్లో ఈ ఫ్లెక్సీల వెర్రి గురించి వేరే వ్రాయవలసిందే, ఇప్పుడు వద్దు. ఆరేళ్ళ పిల్లకు చీర కట్టి పీట మీద కూర్చోబెడితే, ఆ ఫోటో చూసిన నూరు మందిలో ఒక్కరైనా 'ఈ పిల్లను వైద్యుడికి చూపించారా' అని అడగరేమి? శరీరం ఎదిగిందని పెళ్ళి మాట ఎత్తే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. మనసుకు ఆరేళ్ళే. ఆ పిల్లకు కావలసినది అక్షింతలు కాదు, సూదిమందు.

మళ్ళీ అడవి అంచుకు వస్తాను. భద్రాచలం మన్యంలో పిల్లవాడికి ఫిట్స్ వచ్చిందనగానే వైద్యుడు మొదట మలేరియాను అనుమానిస్తాడు. అది సబబే, మెదడుకు ఎక్కే మలేరియా ఇక్కడ ఎందరినో తీసుకుపోయింది. తరువాత మెదడులో బద్దెపురుగు పిల్లల తిత్తులు. అదీ సబబే, మన దేశంలో మూర్ఛకు అది పెద్ద కారణాల్లో ఒకటి. ఈ రెండూ కాకపోతే కారణం తెలియని మూర్ఛ అని వ్రాసి మాత్రలిస్తారు. ఒకవేళ సీటీ తీయించినా చిన్న కణితి దాని కంటికి తప్పిపోవచ్చు. ఎమ్మారైలో హైపోథలామస్ దగ్గర సన్నని పొరలుగా చూడమని చీటీ మీద వ్రాసి పంపితేనే నిశ్చయంగా దొరుకుతుంది. ఆ ఒక్క వాక్యం వ్రాయాలంటే వైద్యుడికి నవ్వు సంగతి ఎవరో చెప్పి ఉండాలి. చెప్పేది ఎవరు? తల్లికి అది జబ్బని తెలియదు. తెలిసినా కోయభాషలో చెబుతుంది.

2013లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన బాలల ఆరోగ్య పథకం కింద బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చి పిల్లలను పరీక్షించే బృందాలున్నాయి. వారు చూడవలసిన ముప్ఫై రకాల లోపాల పట్టికలో మూర్ఛ కూడా ఉంది. కాని ఒక్క రోజులో ఒక బడిని చుట్టబెట్టే బృందం కళ్ళముందే ఆ ఇరవై క్షణాల నవ్వు రావాలని ఎక్కడుంది? అది చూసేది ఉపాధ్యాయుడు. ఏడాదిలో రెండు వందల రోజులు, రోజుకు ఆరు గంటలు. ఆశ్రమ పాఠశాలలో అయితే రాత్రులు కూడా, వార్డెను. ఉపాధ్యాయ శిక్షణలో ఎన్నెన్నో చెబుతారు, ఒక అరగంట దీనికివ్వలేరా అని అడుగుతున్నాను. అకారణంగా ఒకే తీరున పదే పదే నవ్వే పిల్లవాణ్ణి కొట్టవద్దని, ఫోనులో తీసి ఉంచమని చెప్పడానికి అరగంట కూడా అక్కరలేదు. మా కాలంలో లేనిదీ ఇప్పుడు ఉన్నదీ ఈ ఫోను. వంద మాటల్లో చెప్పలేనిది ఇరవై క్షణాల వీడియోలో నరాల వైద్యుడికి తెలిసిపోతుంది. భాషతో పనే లేదు.

డబ్బు మాటకు వస్తే, ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. మంచిదే. కాని కార్డు ఉన్నవాడికి కదా అది. 2005 తరువాత సల్వాజుడుం కల్లోలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చి మన వైపు గుడిసెలు వేసుకున్న గుత్తికోయల్లో ఎందరి దగ్గర ఏ కాగితం ఉంది? 2014లో పోలవరం ముంపు పేరిట కూనవరం, చింతూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. అక్కడివారు దగ్గరని భద్రాచలం ఆసుపత్రికే వస్తారు, కార్డు మాత్రం వేరే రాష్ట్రానిది. మూర్ఛకు సరిహద్దు తెలియదు, కంప్యూటరుకు తెలుసు. ఇలాంటి అరుదైన శస్త్రచికిత్సలకైనా కార్డు ఏ రాష్ట్రానిదని చూడకుండా, ఐటీడీఏ తన నిధితో పంపించే ఏర్పాటు ఉండాలని నా కోరిక. ఆ పని చేయడానికి ఒక్క మనిషి చాలు. తెలుగూ కోయా రెండూ వచ్చిన ఒక నర్సు, కుటుంబంతో పాటు రైలెక్కి, ఆసుపత్రిలో పక్కన నిలబడి, వెనక్కి తీసుకొచ్చే మనిషి.

వెనక్కి వచ్చిన తరువాత కూడా కథ ఉంటుంది. శస్త్రచికిత్స అయినా మాత్రలు కొంతకాలం వాడాలి. ఒక్క రోజు మానినా మూర్ఛ తిరగబెట్టవచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మన్యం దారులు ఎలా తెగిపోయాయో చూశాం. కనుక ఆషాఢానికి ముందే మూడు నెలల మాత్రలు ఆ ఇంట్లో ఉండాలి. ఇది నాడీశస్త్రవైద్యుడికి తోచే విషయం కాదు, మా ఊరి ఏఎన్ఎంకు తోచే విషయం. మరొకటి: శస్త్రచికిత్సకు ముందూ తరువాతా పిల్లల జ్ఞాపకాన్ని పరీక్షిస్తారు. కోయ మాట్లాడే బిడ్డను తెలుగులోనో ఆంగ్లంలోనో అడిగితే తెలివి తక్కువని తేలుతుంది, అది భాష తప్పు. వాడికి వచ్చిన పాట వాణ్ణి పాడమనండి. ఎన్ని చరణాలు పాడగలిగాడో వ్రాసుకోండి. ఆరు నెలల తరువాత మళ్ళీ పాడించండి.

ఇదంతా విని ఒక మిత్రుడు, "రెండు లక్షల మంది పిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు గురించి ఇంత గొడవ దేనికండీ?" అన్నాడు. ఆయన చెప్పిన లెక్క సరైనదే, స్వీడనులో వేసిన అంచనా అది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఖమ్మం జిల్లా జనాభా దాదాపు 28 లక్షలు. అందులో పిల్లలు ఎనిమిది లక్షలనుకున్నా, ఆ లెక్కన నలుగురు. 2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. నలుగురు పిల్లల పేర్లు ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకోవడం వాటికి భారమా? అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, తన మనుమరాలి బడిలో ఊరికే నవ్వే పిల్ల ఒకతె ఉందని ఎప్పుడో విన్నట్టు గుర్తని, సాయంత్రం అడిగి చెబుతానని అన్నాడు.